పొలం మేడెక్కితే

మొదటి ఏడాది టమాటా నారు ట్రేని హాల్లో కిటికీ దగ్గర పెట్టాను. పగలు లైటు వేసుకునే అవసరం లేని గది. ఇంతకన్నా వెలుతురు ఏం కావాలి అనుకున్నాను. వారం తిరిగేసరికి మొలకలు జానెడు సాగి, పాలిపోయి, అన్నీ కిటికీ వైపే మెడలు చాచాయి. ఇంకో నాలుగు రోజులకు తమ బరువు తామే మోయలేక ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. నీళ్లు చాలలేదేమోనని ఇంకాస్త పోశాను. దాంతో వేళ్లు కూడా కుళ్లి ఆ ముచ్చట ముగిసింది.

ఫోన్లో కాంతిని కొలిచే యాప్ ఒకటి వేసుకున్నాక గానీ తప్పెక్కడుందో తెలియలేదు. కిటికీకి నాలుగడుగుల ఇవతల అది 400 లక్స్ చూపించింది. మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. అంటే 250 రెట్లు. నా కంటికి మాత్రం ఆ తేడా మహా అయితే రెండు మూడింతలు అనిపిస్తుంది, ఎందుకంటే కన్ను చీకటికీ వెలుగుకీ తనంతట తాను సర్దుకుపోతుంది. ఆకుకు ఆ సౌకర్యం లేదు. కాంతే దాని తిండి. నేను వెలుతురు గది అనుకున్నది దానికి పస్తుల గది.

పొలాన్ని ఇంట్లోకి, ఊళ్లోకి తెచ్చుకుందామనే మాట ఈ మధ్య బాగా వినిపిస్తోంది. బాల్కనీలో కుండీలు, మిద్దె తోటలు, నాలుగు కోళ్లు, తేనెపెట్టె, అపార్ట్‌మెంట్ల మధ్య ఉమ్మడి తోట, ఆకాశహర్మ్యంలో అంతస్తుల సేద్యం: అన్నిటినీ కలిపి ‘నగర సేద్యం’ అని ఒకే పేరుతో పిలుస్తున్నాం. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఒకరికి మందు కొట్టని కూరగాయలు కావాలి. ఒకరికి కంటికి పచ్చదనం కావాలి. ఒకరికి తమ పిల్లలు మట్టిలో చేయి పెడితే చాలు. ఒక కంపెనీకేమో నగరం మొత్తానికి తిండి పెట్టాలని ఉంటుంది. వీటిలో ఒక్కోదానికి లెక్క వేరు. ఒకదాని గెలుపును చూపించి ఇంకోదానికి పెట్టుబడి అడిగితే మోసపోయేది మనమే.

కడుపు లెక్క

ముందు తిండి సంగతి తేల్చేద్దాం, ఇది తేలిగ్గా తేలేది.

మనిషికి రోజుకు సుమారు 2,000 కేలరీలు కావాలి. ఏడాదికి ఏడు లక్షల పైచిలుకు. వరి తీసుకున్నా గోధుమ తీసుకున్నా, ప్రపంచ సగటు దిగుబడి ప్రకారం చదరపు మీటరు నేల ఒక పంటలో ఇచ్చే గింజల విలువ వెయ్యి నుంచి పన్నెండొందల కేలరీలు. నాట్ల నుంచి కోత దాకా నెలల తరబడి ఆ చదరపు మీటరు కష్టపడితే ఒక మనిషికి ఒక రోజు తిండిలో సగం, ఆపైన కాస్త. అలా ఒక మనిషికి ఏడాదంతా ఒక్క పంటతో తిండి పెట్టాలంటే సుమారు 650 చదరపు మీటర్లు కావాలి, అంటే పదహారు సెంట్లు. ఐదు చదరపు మీటర్ల బాల్కనీ అంతా వరి వేసినా వచ్చేది ఒక మనిషికి మూడు రోజుల అన్నం.

కాబట్టి ఇంటి పంట కడుపు నింపుతుందన్న మాట పక్కన పెట్టవచ్చు. ఇంటి పంట వల్ల వచ్చేది ఇంకొకటి: తాజాదనం. ఆకుకూరల్లో తొంభై శాతం దాకా నీళ్లే. కోసిన గంట నుంచే వాడిపోవడం మొదలవుతుంది. బండెక్కి, గోదాము దిగి, మళ్లీ బండెక్కి వచ్చేవాటిలో ఎక్కువ పోగొట్టుకునేది ఇవే. అందుకే ఎక్కడ చూసినా నగరాన్ని ఆనుకుని పండింది ఆకుకూరలు, కూరగాయలు, పాలు. ధాన్యం ఎప్పుడూ దూరం నుంచే వచ్చింది. 1826లో జర్మనీ భూస్వామి, ఆర్థికవేత్త యొహాన్ హైన్రిచ్ ఫాన్ థ్యూనెన్ ఈ సంగతిని వలయాలుగా గీసి చూపించాడు. నడుమ నగరం, దాన్ని చుట్టి మొదటి వలయంలో పాలు, కూరగాయలు, ఆ పైన వంటచెరకు ఇచ్చే అడవి, ఇంకా అవతల ధాన్యం, చిట్టచివర పశువుల మేత. చల్లబరిచే రైలు పెట్టెలు, లారీలు వచ్చాక ఈ వలయాలు చెదిరిపోయాయి గానీ, ఆకు వాడిపోవడం మాత్రం ఆగలేదు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో ‘విజయ తోటలు’ అని ఇళ్ల పెరళ్లలో, పార్కుల్లో సుమారు రెండు కోట్ల తోటలు వేశారు. దేశంలో తాజా కూరగాయల ఉత్పత్తిలో నలభై శాతం దాకా వాటి నుంచే వచ్చిందని లెక్క. 1943లో అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ వైట్‌హౌస్ పచ్చికలోనే ఒకటి వేయించింది. ఈ అంకెను చూపించి ‘నగరాలు తమ తిండి తాము పండించుకోగలవు’ అనేవాళ్లు అది కూరగాయల లెక్కేనన్న సంగతి దాటవేస్తారు. రొట్టె మాత్రం పొలం నుంచే వచ్చింది. యుద్ధం ముగిశాక ఆ తోటల్లో ఎక్కువ భాగం మళ్లీ పచ్చికగా మారిపోయాయి.

గుర్రాలు పండించిన ఊరు

నగరంలో నిజంగానే సేద్యం నిలబడిన చోటు ఏదైనా ఉందా అని అడిగితే నేను మొదట చెప్పేది 19వ శతాబ్దపు పారిస్ గురించి. నగర విస్తీర్ణంలో ఆరో వంతు, సుమారు 1,400 హెక్టార్లు, కూరగాయల తోటలే. ఒక్కో తోట చిన్నది. చుట్టూ గాలి ఆపే గోడ. లోపల అడుగు ఖాళీ లేకుండా గంట ఆకారపు గాజు బుడ్లు బోర్లించి ఉండేవి.

చలికాలంలో ఆ బుడ్ల కింద లెట్యూస్ అనే సలాడ్ ఆకు, వేసవి ఇంకా రాకముందే కర్బూజా. రహస్యం అడుగున ఉంది. నేలలో గుర్రపు లద్దె అడుగున్నర మందాన తొక్కి పరిచేవాళ్లు. అది పులిసి వేడెక్కేది. పైన మట్టి, దాని పైన నారు, ఆ పైన గాజు. కరెంటు లేదు, బొగ్గు లేదు, పొయ్యి లేదు. పెంటకుప్ప చేతికి చురుక్కుమన్నట్టు తగిలే వేడి మనకు తెలిసిందే. ఆ వేడితో వాళ్లు ఋతువునే జరిపేశారు. ఏడాదికి అదే మడిలో నాలుగైదు పంటలు తీసేవాళ్లు.

ఇంత లద్దె ఎక్కడిది? నగరాన్ని లాగింది గుర్రాలు కాబట్టి, ఊరంతా లద్దె. తోటమాలి బండి పొద్దున్నే కూరగాయలతో సంతకు వెళ్లి, తిరుగు దారిలో గుర్రపుశాలల దగ్గర ఎరువు నింపుకుని వచ్చేది. ఊరికి అది వదిలించుకోవాల్సిన చెత్త. తోటకు అది వేడి, ఎరువు, మట్టి, మూడూ. ఏటేటా అంత ఎరువు పడటంతో తోటల్లో మట్టి ఎలాంటిదిగా తయారైందంటే, కౌలు వదిలి వెళ్లేటప్పుడు కొంత లోతు దాకా మట్టిని తవ్వి తీసుకుపోయే హక్కు తోటమాలికి ఉండేలా ఒప్పందాలు రాసుకునేవాళ్లని రష్యన్ ఆలోచనాపరుడు పీటర్ క్రొపోట్కిన్ నమోదు చేశాడు. భూమి యజమానిది, మట్టి మాత్రం తోటమాలిది. ఈ వాక్యం చదివినప్పటి నుంచి, ఇల్లు మారిన ప్రతిసారీ కుండీల మట్టి పారబోయకుండా గోనెసంచుల్లో మోసుకెళ్తున్నాను. లారీవాళ్లు విచిత్రంగా చూస్తారు.

మోటారు బండ్లు వచ్చాయి, గుర్రాలు పోయాయి. నేల ధర పెరిగింది, తోటలూ పోయాయి. తోటమాలులు తమ పని మరిచిపోలేదు, తినేవాళ్లకు తాజా ఆకు మీద మోజూ తగ్గలేదు. ఊరు వదిలేసే మిగులు ఆగిపోయింది, అంతే.

ఈ కోణంలో చూస్తే మిగతా ఉదాహరణలు కూడా వరసలోకి వస్తాయి. కోల్‌కతా తూర్పున సుమారు 12,500 హెక్టార్ల చిత్తడి నేలలున్నాయి. నగరపు మురుగునీరు అక్కడి చేపల చెరువుల్లోకి వెళ్తుంది. లోతు తక్కువ చెరువులు, పైన ఎండ. మురుగులోని పోషకాలను నాచు తింటుంది, నాచును చేపలు తింటాయి, శుభ్రపడిన నీరు పొలాలకు పారుతుంది. చేపలు, కూరగాయలు తిరిగి నగరానికే చేరతాయి. ఈ ఏర్పాటు విలువను లోకానికి చాటిన పర్యావరణవేత్త ధ్రువజ్యోతి ఘోష్. 2002లో ఆ ప్రాంతాన్ని అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చారు. ఇక 17–19 శతాబ్దాల ఎడో కాలపు జపాన్‌లో అయితే నగరవాసుల మలాన్ని రైతులు డబ్బిచ్చి కొనుక్కుపోయేవాళ్లు. ముక్కు మూసుకునే సంగతే గానీ, పట్నానికీ పొలానికీ మధ్య ఖాతా అప్పుడు రెండు వైపులా రాసి ఉండేది. ఇప్పుడు ఒకవైపే ఉంది: పొలం నుంచి సారం వస్తుంది, డ్రైనేజీలోకి పోతుంది.

క్యూబా కథ కొంచెం వేరు. 1991లో సోవియట్ యూనియన్ కూలాక ఇంధనం, ఎరువుల దిగుమతులు పడిపోయి, హవానాలో ఖాళీ స్థలాల్లో గట్లు కట్టి కంపోస్టుతో నింపిన మడుల్లో కూరగాయలు వేశారు. కష్టకాలంలో అవి ఆదుకున్నాయి. అలాగని ఆ దేశం తిండి దిగుమతి చేసుకోవడం మానలేదు. కడుపు లెక్క అక్కడా అదే.

ఎండను కొనుక్కుంటే

అంతస్తుల సేద్యం ఊరి మిగులు మీద బతికే ఈ పద్ధతికి సరిగ్గా ఎదురు. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ డిక్సన్ డెస్పోమియే 1999లో తన విద్యార్థులతో కలిసి ఈ ఆలోచనకు రూపమిచ్చాడు: నేల దొరకని నగరంలో పైకి కట్టుకుంటూ పోదాం, అరల మీద అరలు పెట్టి పండిద్దాం. నేల సమస్య నిజంగానే తీరింది. నీటి వాడకం భారీగా తగ్గింది. పురుగు లేదు, మందు లేదు, వాన కోసం ఎదురుచూపు లేదు. కానీ రెండో అరకు ఎండ తగలదు. అక్కడి నుంచి ఎండను కొనుక్కోవాలి.

ఎంత కొనాలో లెక్క వేద్దాం. పాలకూర లాంటి తక్కువ కాంతి చాలే ఆకుకు కూడా, మంచి ఎల్‌ఈడీ దీపాలతో, చదరపు మీటరుకు రోజుకు సుమారు 1.4 యూనిట్ల కరెంటు దీపాలకే కావాలి. దీపాల వేడి బయటికి తోలడానికి, ఆకులు వదిలే తేమను లాగేయడానికి ఇంకా అదనం. ఆకుకూర నెలా నెలన్నరలో కోతకొస్తుంది, కోసిందంతా తినేదే కాబట్టి ఎలాగో నెట్టుకొస్తారు. అదే గోధుమ వేస్తే? కాంతి రెట్టింపు కావాలి, వంద రోజులు కావాలి. చదరపు మీటరుకు కిలో గింజ వచ్చినా, దానికోసం దీపాల కరెంటే 280 యూనిట్లు దాటుతుంది. ఆరుబయట అదే ఎండ ఊరికే పడుతోంది. అంతస్తుల సేద్యం ఫొటోల్లో ఎప్పుడూ ఆకుకూరలే ఎందుకు కనిపిస్తాయో ఇప్పుడు అర్థమైంది కదా.

2022 తరువాత కరెంటు ధరలు, వడ్డీలు పెరిగేసరికి ఈ లెక్క బయటపడింది. అమెరికాలో ఏరోఫార్మ్స్ అనే అంతస్తుల సేద్యం కంపెనీ 2023 జూన్‌లో దివాలా రక్షణ కోరింది. అలాంటిదే బోవరీ 2024 నవంబరులో మూతపడింది. ఇంకోటి, ప్లెంటీ, 2025 మార్చిలో దివాలా కోర్టుకెళ్లింది. సాంకేతికత పనిచేయక కాదు, ఆకు బాగానే పండింది. ఎడారి ఊళ్లలో, గడ్డకట్టే చలి ఊళ్లలో, చవక కరెంటు దొరికే చోట్ల దీనికి ఇంకా చోటుంది. నగరానికంతా తిండి పెడతామన్న మాట మాత్రం మొదటి నుంచీ ఎక్కువే.

మట్టి లేని నీటి సాగు ఇంట్లోనూ చేసుకోవచ్చు, నేనూ ఒక పైపు పెట్టి చూశాను. హైడ్రోపోనిక్స్ అన్న పేరు 1930ల్లో కాలిఫోర్నియాలో విలియం గెరికె ప్రచారంలోకి తెచ్చాడు. పంట వేగం చూస్తే ముచ్చటేస్తుంది. అయితే మట్టి బ్యాంకులో దాచుకున్న డబ్బు లాంటిది, నీటి సాగు రోజు కూలీ. మట్టిలో మొక్కకు రెండు రోజులు నీళ్లు మరిచిపోయినా ఓర్చుకుంటుంది. పైపులో పంపు ఆగితే మధ్యాహ్నానికి తలలు వాల్చేస్తుంది. ఒక ఆదివారం కరెంటు పోయిన సంగతి నిద్ర లేచాక తెలిసింది.

‘మా ఊళ్లో పండింది కాబట్టి…’

నాకు అన్నిటికన్నా ఇబ్బంది పెట్టిన విషయం ఇది. ఇంటి దగ్గర పండిస్తే లారీ ప్రయాణం తప్పుతుంది, కాబట్టి భూమికి మేలు అని చాలా ఏళ్లు నమ్మాను. 2008లో అమెరికా తిండి మీద చేసిన ఒక ప్రసిద్ధ లెక్క ప్రకారం, తిండి వల్ల వెలువడే, భూమిని వేడెక్కించే వాయువుల్లో మొత్తం రవాణా వాటా 11 శాతం. పొలం నుంచి దుకాణం దాకా చివరి ప్రయాణం వాటా 4 శాతమే. ఎక్కువ భాగం పండించడంలోనే ఉంది.

ఆ పైన 2024 జనవరిలో మిచిగన్ విశ్వవిద్యాలయం నడిపిన అధ్యయనం వచ్చింది. యూరప్, అమెరికాల్లో 73 నగర తోటల్ని కొలిచారు. ఒక వడ్డనకు, అంటే ఒకరు ఒకసారి తినే పాలుకు, నగర తోటల్లో సగటున 420 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు వెలువడితే, మామూలు పొలాల్లో 70 గ్రాములే. ఆరు రెట్లు. చదవగానే నా కుండీల వైపు దొంగచూపు చూశాను.

ఎందుకలా? మొక్క తప్పేం లేదు. చెక్క మడులు, సిమెంటు గట్లు, రేకుల షెడ్డు, ప్లాస్టిక్ గొట్టాలు, కొన్న మట్టి సంచులు: వీటన్నిటి తయారీ భారం ఆ కాసిన్ని కూరగాయల మీద పడుతుంది. ఒక మడిని ఐదేళ్లు వాడి పారేస్తే, ఇరవై ఏళ్లు వాడినదానికంటే ఒక్కో వడ్డన మీద నాలుగు రెట్ల భారం. అదే అధ్యయనంలో టమాటా లాంటి కొన్ని పంటలు మాత్రం నెగ్గాయి, ఎందుకంటే మార్కెట్లో వాటి పోటీ వేడి చేసిన గాజు గదుల్లో పండినవాటితో. విమానమెక్కి వచ్చే కూరగాయలతో పోల్చినా ఇంటి పంటదే పైచేయి.

అంటే నగర తోట భూమికి మేలా చేటా అన్నది ఆ తోట ఎన్నేళ్లు అక్కడే ఉంటుందన్నదాని మీద ఆధారపడి ఉంది. అది మన చేతిలో ఎంతుంది? అద్దె ఇంట్లో పదకొండు నెలల ఒప్పందం మీద ఉండేవాడు ఇరవై ఏళ్ల మడి ఎలా కడతాడు? ఉమ్మడి తోట వేసిన ఖాళీ స్థలంలో రేపు అపార్ట్‌మెంటు లేస్తే? జర్మనీలో దీనికి చట్టమే ఉంది. అక్కడి చిన్న తోటల ఉద్యమం 1860ల్లో లైప్‌జిగ్‌లో పిల్లల ఆటస్థలం చుట్టూ మొదలైంది. 1983 నాటి చట్టం ప్రకారం ఒక్కో తోట 400 చదరపు మీటర్లు మించకూడదు, గుడిసె 24 చదరపు మీటర్లు దాటకూడదు, ఊరికే ఖాళీ చేయించకూడదు. మూడో వంతు నేలలో పండ్లో కూరగాయలో పండించి తీరాలని కోర్టులు తేల్చాయి. కౌలు భద్రత గురించి పొలాల్లో జరిగే పోరాటమే ఇది, ఊళ్లో ఇంకో రూపంలో.

ఇంటి వరకు దీని సారాంశం చవకైనదే. కొత్త చెక్క స్టాండు కన్నా పగిలిన నీళ్ల టబ్బు నయం. తిండి సరుకులు వచ్చిన డబ్బాలు నయం. రంగు డబ్బాలు, కెమికల్ డ్రమ్ములు మాత్రం వద్దు.

శ్లాబు, సీసం, పురుగు

మిద్దె మీద పెట్టేవాళ్లు బరువు మరిచిపోతారు. తడిసిన మామూలు మట్టి ఘనపు మీటరు 1,600 నుంచి 2,000 కిలోలు. అడుగు లోతు మడి వేస్తే చదరపు మీటరుకు సుమారు 500 నుంచి 600 కిలోలు. మామూలు ఇంటి శ్లాబును మనుషులు తిరగడానికి 150, 200 కిలోల లెక్కతో కడతారు. కొబ్బరిపొట్టు, కంపోస్టు కలిపితే బరువు సగానికి పడుతుంది. పెద్ద కుండీలు దూలాల మీదికి, గోడల వారకు జరిపితే ఇంకాస్త భరోసా. అయినా మడులు కట్టేముందు ఇంజినీరును ఒకసారి పైకి పిలవండి. తోట మీద మోజుతో అడగడం మానేస్తారు, వానాకాలంలో కింది గది సీలింగు చెమ్మగిల్లాక అడుగుతారు.

నేల మీద వేసేవాళ్లకు ఇంకో చిక్కు: సీసం. సీసం కలిపిన పెట్రోలు ప్రపంచంలో చివరిగా ఆగింది 2021లో, అల్జీరియాలో. అంతకుముందు దశాబ్దాల పాటు బండ్లు వదిలిన సీసం, పాత గోడల రంగుల్లోని సీసం రోడ్ల పక్క మట్టిలో ఇంకా ఉంది. అది కుళ్లదు, ఆవిరైపోదు. టమాటా, వంకాయ లాంటి కాయల్లోకి తక్కువ ఎక్కుతుంది. దుంపలకూ ఆకులకూ మట్టి అంటుకునే వస్తుంది. అసలు ప్రమాదం ఆ మట్టిలో ఆడి, చేతులు నోట్లో పెట్టుకునే పిల్లలకు. పాత రోడ్డు పక్క స్థలమైతే మట్టి పరీక్ష చేయించాలి, లేదా పైన శుభ్రమైన మట్టి పోసి మడి కట్టాలి.

ఇక కంపోస్టు. పారిస్ గుర్రాలకు మన ఇంట్లో ప్రత్యామ్నాయం వంటింటి చెత్తే. అది ఊరి మిగులు, రోజూ పుడుతుంది, ఎవరికీ అక్కర్లేదు. ఇంటి సేద్యంలో నికరంగా లాభమని ధైర్యంగా చెప్పగలిగింది నాకు ఇదొక్కటే. కూరగాయల తొక్కల్లో నత్రజని ఎక్కువ, ఎండుటాకుల్లో కార్బన్ ఎక్కువ. కార్బన్ 25, 30 పాళ్లకు నత్రజని ఒక పాలు ఉంటే సూక్ష్మజీవులు హాయిగా పనిచేస్తాయి. జనం తొక్కలే వేస్తారు, ఆకులు వేయరు. గాలాడక ముద్దయి కంపు కొడుతుంది. ఘనపు మీటరు కుప్ప అయితే 60 డిగ్రీల దాకా వేడెక్కి కలుపు గింజలు, క్రిములు చస్తాయి. బాల్కనీ డబ్బా అంత వేడెక్కదు, నెమ్మదిగా చివుకుతుంది. అందుకే నా కుండీల్లో నేను వేయని టమాటాలు, గుమ్మడి మొలుస్తుంటాయి.

ఒకరోజు మూత తీస్తే బూడిద రంగు పురుగులు, వేలి కణుపంత పొడవు, వందల కొద్దీ, తొక్కల మధ్య నీళ్లు మరిగినట్టు కదులుతున్నాయి. ఆ చప్పుడు కూడా వినిపించింది, తడి కాగితం నలిపినట్టు. మూత పడేసి ఇంట్లోకి పరిగెత్తాను. తరువాత చూస్తే అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు. రోగాలు మోసే ఈగ కాదు, పెద్దదయ్యాక తిండి కోసం మన వంటింట్లో వాలదు. వారం రోజుల చెత్తను రెండు రోజుల్లో తినేశాయి. ఇప్పుడు రాకపోతే టెన్షన్ పడుతున్నాను. ఇంట్లోవాళ్లు మాత్రం ఆ డబ్బా జోలికి రారు.

ప్రాణం ఉన్నవి

కోళ్లంటే చాలామందికి గుడ్డు కనిపిస్తుంది. గుడ్లు పెట్టే పెట్ట రోజుకు 110, 120 గ్రాముల దాణా తింటుంది. ఒక గుడ్డు తయారు కావడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది, కాబట్టి రోజుకొకటి కన్నా ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు. పగలు పొట్టిదైతే పెట్టడం తగ్గిస్తుంది. ఒలికిన దాణాకు ఎలుకలు వస్తాయి, ఎలుకల వెనక పక్కింటివాళ్లు వస్తారు. ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది రెండేళ్ల తరువాత వస్తుంది. గుడ్లు తగ్గిపోతాయి, కోడి మాత్రం ఇంకో నాలుగైదేళ్లు బతుకుతుంది. పొలంలో ఆ ప్రశ్నకు జవాబు ఎవరూ పైకి చెప్పకుండానే తేలిపోతుంది. మా స్నేహితురాలి ఇంట్లో మాత్రం పిల్లలు అప్పటికే కోళ్లకు పేర్లు పెట్టేశారు. రెండు పెట్టలు ఇప్పుడు పింఛనుదారుల్లా పెరట్లో తిరుగుతూ దాణా తింటున్నాయి, ఆమె గుడ్లు బజార్లో కొంటోంది.

తేనెటీగల విషయంలో మంచి ఉద్దేశమే ఎదురు తిరిగింది. లండన్‌లో డాబాల మీద పెట్టెలు ఎంతగా పెరిగాయంటే, పూలు చాలడం లేదని అక్కడి తేనెటీగల పెంపకందారులే హెచ్చరించారు. పెంపుడు తేనెటీగ కోడి లాంటిదే, మనం సాకే ప్రాణి. ఒక్కో పెట్టెలో వేల ఈగలు కిలోమీటర్ల మేర తిరిగి తేనె ఊడ్చుకొస్తే, ఒంటరిగా బతికే అడవి తేనెటీగలకు మిగిలేది తక్కువ. ఈగల మీద ప్రేమ ఉంటే పెట్టె కొనేముందు పూల మొక్కలు వేయాలి.

పొలంలో బతికినవాళ్లను అడిగితే సేద్యం గురించి వాళ్లు మొదట చెప్పేది నేల గురించి కాదు, పొద్దు గురించి. అదనెరిగి సేద్యం, పదునెరిగి పైరు అంటారు. ఎండాకాలంలో చిన్న కుండీ ఒక్క పూటలో ఎండిపోతుంది, పొలంలో వేరు లోతుకు పోయి తెచ్చుకునే నీళ్లు ఇక్కడ లేవు. పేనుబంక సోమవారం ఒక చిగురు మీద ఉంటే ఆదివారానికి మొక్కంతా ఉంటుంది. పళ్లెంలో నిలిచిన నీళ్లు వారం పారబోయకపోతే దోమలు. బెండకాయ పూసిన ఐదో రోజుకు కోయాలి, రెండు రోజులు ఆగితే పీచు.

పోయిన వేసవిలో పది రోజులు ఊరెళ్లాల్సి వచ్చి, కింది ఫ్లాటు పెద్దాయనకు తాళం ఇచ్చాను. ‘అంకుల్, సాయంత్రం ఒకసారి నీళ్లు పోస్తే చాలు’ అన్నాను. తిరిగొచ్చేసరికి ఒక్క మొక్క కూడా వాడలేదు. ఆయన రెండు పూటలా వచ్చారట. బెండ మొక్కల నిండా మాత్రం జానెడు కాయలు, చేత్తో వంచితే విరగనంత ముదురు. ‘కోసుకోవాల్సింది కదండీ’ అంటే, ‘నువ్వు నీళ్లు పోయమన్నావు గానీ కోయమనలేదు కదమ్మా’ అన్నారు. ఆ కాయలు చెట్టునే ఎండనిచ్చాం. పగిలాక గింజలు రెండు పొట్లాలు కట్టి ఒకటి ఆయనకిచ్చాను. ఈసారి ఆయన బాల్కనీలోనూ మొలిచాయి, అటువైపు ఎండ నాకన్నా రెండు గంటలు ఎక్కువ.